5,300 మీటర్ల కనుమ, పాత కార్బురేటర్ బండి, వెనక తమ్ముడు: ఎక్కుతుందా?

#1 మబ్బుదారి

అందరికీ నమస్కారం. వచ్చే నెల మనాలి నుంచి లేహ్‌కి బండి మీద వెళ్తున్నాం. అటల్ టన్నెల్ వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కనక్కర్లేదు కానీ బారాలాచా లా, నకీ లా, లాచుంగ్ లా, తంగ్లాంగ్ లా నాలుగూ దాటాలి (లా అంటే అక్కడి భాషలో కనుమ). చివరిది 5,328 మీటర్లు.

బండి 350 సీసీ, సింగిల్ సిలిండర్, కార్బురేటర్. పన్నెండేళ్ళుగా నేనే నడుపుతున్నాను, దాని చప్పుడులో చిన్న తేడా వచ్చినా పట్టేస్తాను. వెనక మా తమ్ముడు కూర్చుంటాడు. ఘాట్ రోడ్లు నాకు కొత్త కాదు, కానీ 1,500 మీటర్లు దాటి ఎప్పుడూ పోలేదు.

నా టెన్షన్ అంతా ఒక్కటే. ఇద్దర్నీ, సామాన్నీ మోస్తూ బండి పైదాకా ఎక్కుతుందా? తెలిసినాయన ఒకరు ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బండి ఊపిరి పీల్చుకుంటుంది అన్నారు. ఇంకొకరు కనుమ మీదకి వెళ్ళగానే టైర్లలో గాలి తగ్గించమన్నారు. రెండూ చెయ్యొచ్చా?

#2 పాతకార్బురేటర్

ఫిల్టర్ మాత్రం తియ్యకండి. దయచేసి.

ఆ సలహా ఎక్కడ పుట్టిందో చెబుతాను. తంగ్లాంగ్ లా ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఆక్సిజన్ శాతం మారదు, అక్కడా 21 దగ్గరే ఉంటుంది. గాలే పలచబడుతుంది. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్‌కి ఈ సంగతి తెలియదు కదా, గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గించదు. దాంతో ఇంజన్ ముక్కుతుంది, సైలెన్సర్‌లోంచి నల్లగా పొగ వస్తుంది, ప్లగ్ విప్పితే మసి కొట్టుకుని ఉంటుంది. ఫిల్టర్ తీస్తే కాసేపు తేరుకున్నట్టు అనిపించే మాట నిజమే. కానీ ఆ దారిలో ముందు పోయే లారీ లేపే దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. అది తిన్నగా సిలిండర్లోకి పోయి పిస్టన్ రింగుల్ని గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు అరగదీస్తుంది. మీరు పన్నెండేళ్ళు కాపాడుకున్న ఇంజన్‌కి నాలుగు రోజుల్లో ఆ గతి పట్టించకండి.

చెయ్యాల్సింది మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న కన్నం ఉన్న ముక్క) చిన్నది వేయడం. మీ కార్బురేటర్‌కి సరిపడేవి ఒకటి రెండు సైజులు తక్కువవి కొనిపెట్టుకోండి. ఇంట్లో నింపాదిగా రెండుసార్లు విప్పి బిగించి చేతికి అలవాటు చేసుకోండి, అక్కడ చలికి వేళ్ళు మాట వినవు. కిందికి దిగాక మళ్ళీ పాత జెట్ వేయడం మరిచిపోవద్దు. చిన్న జెట్‌తోనే మైదానంలో తిరిగితే పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కిపోతుంది.

ఇంకోటి. ముందు స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ళ చక్రం) ఒక పన్ను తక్కువది వేయించండి. టాప్ స్పీడు కాస్త పోతుంది, ఆ దారిలో దానితో పనే లేదు. మొదటి గేరులో లాగే బలం పెరుగుతుంది. ఇద్దరు కూర్చునే బండికి ఇది నేను తప్పనిసరి అంటాను.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకి సెన్సర్ పీడనం చూసి పెట్రోలు సర్దుకుంటుంది, మసి గొడవ లేదు. శక్తి మాత్రం వాటికీ తగ్గుతుంది. కింద 20 హెచ్‌పీ ఇచ్చే ఇంజన్ అక్కడ 11, 12 ఇస్తుంది. దాన్ని ఏ మెకానిక్కూ మార్చలేడు. బండి ఎక్కుతుంది, మెల్లగా ఎక్కుతుంది.

#3 గాలిగేజి

బ్రదర్, టైర్ల సంగతి నేను చెబుతా. గేజి చూపించేది టైరు లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడా మాత్రమే. సముద్రమట్టం దగ్గర 28 పీఎస్‌ఐ పట్టించారనుకోండి. బయట గాలి 14.7, అంటే లోపల అసలు పీడనం 42.7. కనుమ మీద బయట గాలి సుమారు 7.7కి పడిపోతుంది. టైరులో గాలి అదే, కానీ గేజి 35 చూపిస్తుంది.

ఇది చూసే జనం కంగారుపడి గాలి వదిలేస్తారు. చలిని మరిచిపోతారు. కింద 30 డిగ్రీల్లో గాలి పట్టించి పైన 5 డిగ్రీలకి వెళ్తే లోపలి పీడనం మూడున్నర దాకా తగ్గుతుంది. కాబట్టి నిజంగా కనిపించేది 31, 32. దానికి టైరు ఏమీ పేలిపోదు.

#4 వాగుదాటి

>కనుమ మీదకి వెళ్ళగానే టైర్లలో గాలి తగ్గించమన్నారు

నేను తగ్గించాను. లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా మీద వెనక టైరులో 6 పీఎస్‌ఐ వదిలాను. దిగేటప్పుడు గుర్తులేదు. కింద లోయలో గుంటలో పడితే ఠంగుమని చప్పుడు, రిమ్ వంగిపోయింది, ట్యూబ్ రెండు చోట్ల చిట్లింది. పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు గాట్లు. గాలి వదలడం ఒక్క నిమిషం పని, మళ్ళీ కొట్టడానికి చేతి పంపుతో నలభై నిమిషాలు పట్టింది. పది సార్లు కొట్టడం, ఆయాసం తీర్చుకోవడం, మళ్ళీ పది.

#5 మబ్బుదారి

పాతకార్బురేటర్ గారూ, గాలిగేజి గారూ, చాలా చాలా థాంక్స్. ఫిల్టర్ ముట్టుకోను, గాలి వదలను. జెట్లు, స్ప్రాకెట్ ఈ వారమే తెప్పిస్తాను. (నేను బ్రదర్ని కాదండీ, అక్కని. మీకేం తెలుసు పాపం.)

#6 నింపాదిగా

అక్కా, బండి ప్రశ్న అయిపోయింది కాబట్టి నా ప్రశ్న. రాత్రుళ్ళు ఎక్కడెక్కడ పడుకుంటున్నారు?

#7 మబ్బుదారి

మొదటి రాత్రి మనాలి. రెండో రాత్రి దారి మధ్యలో సర్చు దగ్గర గుడారాల్లో. మూడో రోజు సాయంత్రానికి లేహ్. సెలవు పది రోజులే, అందుకే దారిలో రోజులు పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

#8 నింపాదిగా

భయపడ్డదే అయింది. మనాలి 2,050 మీటర్లు. సర్చు 4,290. అంటే ఒక్క పగలులో పడక 2,200 మీటర్లు పైకి పోతోంది. ఈ దారిలో జనం పడిపోయేది కనుమల మీద కాదు, సర్చులో రాత్రి పదకొండింటికి. కనుమ మీద పావుగంట ఉంటారు, దిగిపోతారు. సర్చులో పది గంటలు ఉంటారు. అర్ధరాత్రి తల పగిలిపోతుంటే ఎటు పోవాలన్నా ముందో కనుమ, వెనకో కనుమ. మనాలి వైపు దిగాలన్నా 4,890 మీటర్ల బారాలాచా మళ్ళీ ఎక్కాల్సిందే.

నేను ఆ రాత్రి గడిపాను కాబట్టి చెబుతున్నాను. గుడారంలో పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా ఊపిరి ఆగినట్టయి దిగ్గున లేస్తాం. నాతో వచ్చినతను తెల్లవారే వరకు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్న హెల్మెట్ పట్టీ పెట్టుకోవడానికి నాలుగు సార్లు ప్రయత్నించాడు, కొక్కెం కన్నంలోకి పోలేదు. అది చూసి మాకు భయం వేసింది. అలాంటి చేతులతో హ్యాండిల్ ఎలా పట్టుకుంటాడు?

#9 స్టెతస్కోప్

నేను డాక్టర్ని, బండి కూడా నడుపుతాను. నింపాదిగా గారు చెప్పినదానికి నా వైపు నుంచి నాలుగు మాటలు.

3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఒక రాత్రి అదనంగా ఆగమనీ పర్వత వైద్యంలో సాధారణ సూత్రం. పగలు ఎంత ఎక్కినా, రాత్రికి కిందికి వచ్చి పడుకుంటే ఒంటికి తేలిక. బండి మీద పోయేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. నడిచి ఎక్కేవాడిని వాడి కాళ్ళే ఆపుతాయి. బండి నాలుగు గంటల్లో 2,000 మీటర్లు ఎక్కించేస్తుంది, ఒంటికి ఆ సంగతి సాయంత్రానికి గానీ తెలియదు.

తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, నీరసం, నిద్ర పట్టకపోవడం వస్తే అదే ఎత్తులో ఆగాలి, ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోయినా, పెరిగినా దిగాలి. కొన్ని లక్షణాలకి మాత్రం తెల్లారేదాకా ఆగడం కూడా ప్రమాదమే. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగ కఫం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడటం, తాగినవాడిలా తూలడం ఉంటే మెదడు వాస్తోందని. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనించి నడవమనండి. నడవలేకపోతే వెంటనే కిందికి, ఆక్సిజన్ ఉన్న చోటికి చేర్చాలి. అలాంటి మనిషిని బండి నడపనివ్వకండి, వెనక ఒంటరిగా కూడా కూర్చోబెట్టకండి. కారో లారీయో ఆపండి.

ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వాడే అసెటజోలమైడ్ మాత్రల గురించి ఎవరో ఒకరు అడుగుతారు. పని చేస్తాయి. మీ డాక్టరుని అడిగి, సల్ఫా మందులు పడవని ఉంటే ముందే చెప్పి వాడండి. బండి నడిపేవాళ్ళకి ఒక విషయం: వీటివల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరిగా, చీమలు పాకినట్టు ఉంటాయి. క్లచ్ మీద వేళ్ళు చలికి మొద్దుబారాయో, మాత్రవల్లో తెలియక కంగారుపడతారు. అందుకే ఇంటి దగ్గర ఉండగానే ఒక రోజు వేసుకుని చూడమని నా పేషెంట్లకి చెబుతాను.

#10 రెండోసీటు

నేనెప్పుడూ వెనక కూర్చునేదాన్నే. ఈ చర్చలో తమ్ముడి మాట ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా.

ముందు కూర్చున్నవాళ్ళకి పని ఉంటుంది. గేరు, క్లచ్, మలుపు, ఒళ్ళు వేడిగా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళు కదలరు, చలి వాళ్ళకే ముందు ఎక్కుతుంది. నాకు తల తిరుగుతున్నా చెప్పలేదు. వీళ్ళని ఆపడం ఎందుకు, ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకున్నా. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టి అంతా తెల్లగా ఉంది. నిద్రలోకి జారుతున్నానని మా ఆయనకి తెలియనే లేదు, నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కి టక్కున కొట్టుకున్నాక బండి ఆపారు.

ఆ రోజే ఇంకోటి. బురదలో బండి ఎక్కట్లేదని దిగి తొయ్యమన్నారు. ఇరవై అడుగులు తోశానో లేదో కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. 5,000 మీటర్ల ఎత్తులో బండి తొయ్యడం పిల్లలాట కాదు. తమ్ముణ్ణి దించాల్సి వస్తే దింపండి, ఖాళీగా నడిచి రమ్మనండి. తొయ్యమనకండి.

అరగంటకోసారి అడగండి అక్కా. "బాగున్నావా" అంటే ఎవరైనా బాగున్నా అనే అంటారు. లెక్క చెప్పమనండి, వందలోంచి ఏడేసి తీసెయ్యమనండి. మేమిప్పుడు అలాగే చేస్తాం.

#11 మబ్బుదారి

రాత్రంతా ఇవే చదివాను. బండి గురించి నెల రోజులుగా ఆలోచిస్తున్నాను, తమ్ముడి ఊపిరి గురించి ఒక్క పూటైనా ఆలోచించలేదు. అది నాకు బాధగా ఉంది.

సెలవు మాత్రం పెరగదు. ఇదే దారిలో వెళ్తూ, సర్చుకి ముందు వచ్చే జిస్పాలో రెండు రాత్రులు ఆగితే సరిపోతుందా?

#12 నింపాదిగా

జిస్పా సుమారు 3,200 మీటర్లు, ఇప్పటి ప్లాన్ కంటే ఎంతో నయం. కానీ దాని తర్వాత మళ్ళీ సర్చే కదా. అంతకంటే తేలికైనది ఉంది. దారి తిప్పెయ్యండి. బండిని శ్రీనగర్‌కి చేర్చుకోండి. అక్కడి నుంచి జోజి లా (3,528) దాటి కార్గిల్‌లో పడుకోండి, అది 2,700 మీటర్ల లోపే. మర్నాడు ఫోతు లా (4,108) దాటి లేహ్‌కి, 3,500. అక్కడ మూడు నాలుగు రాత్రులు ఉండండి. ఖర్దుంగ్ లా చూడాలనుంటే పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి లేహ్‌కి దిగి అక్కడే పడుకోండి. ఆ తర్వాత తంగ్లాంగ్ లా మీదుగా మనాలికి దిగండి. కనుమలు అవే నాలుగు. ఒళ్ళు అలవాటుపడ్డాక దాటుతారు, అంతే తేడా. రోజులు కూడా సరిపోతాయి.

ఖర్దుంగ్ లా అంటే గుర్తొచ్చింది, అక్కడి బోర్డు మీద 18,380 అడుగులని ఏళ్ళ తరబడి రాసి ఉండేది. జీపీఎస్‌తో కొలిస్తే 17,582 అడుగులే. ఎవరెస్టు దక్షిణ బేస్ క్యాంపు ఎత్తు ఇంచుమించు అంతే. అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు వారం పైనే తీసుకుంటారు. మనం ఖర్దుంగ్ లాకి లేహ్ నుంచి రెండు గంటల్లో వెళ్ళిపోతాం.

#13 48మలుపులు

దిగడం గురించి నేను రాస్తాను. నాది ఆల్ప్స్ అనుభవం, ఇటలీలోని స్టెల్వియో కనుమ. అది 2,757 మీటర్లే, హిమాలయాల ముందు చిన్నది. 1820ల్లో గుర్రపుబండ్ల కాలంలో కట్టిన దారి, ఉత్తరం వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు పదిహేనో పదహారో మలుపు దగ్గర వెనక బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోయింది. నొక్కుతున్నా, బండి ఆగట్లేదు. గుండె జారిపోయింది.

తప్పు నాదే. పైనుంచి పెడల్ మీద కాలు ఆనించే ఉంచాను, మూడో గేరులో దిగాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, బుడగ నొక్కుకుపోతుంది తప్ప బ్రేకుని నెట్టదు. డ్రమ్ బ్రేక్ అయితే వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, లివర్ ఎక్కువ దూరం వస్తుంది. ఏదైనా ఆగి చల్లారనివ్వడమే మందు. నీళ్ళు మాత్రం పొయ్యకండి, డిస్కు వంకరపోతుంది.

ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చిందో దిగడానికీ అదే గేరు. బరువు ఇంజన్ మొయ్యాలి. బ్రేకు మలుపుకి ముందు గట్టిగా ఒకసారి పట్టి వదిలెయ్యాలి, మలుపులోకి దిగాక కాదు. చూపు లోయ వైపు పోనివ్వకండి. తల తిప్పి మలుపు బయటపడే చోటునే చూడండి. కళ్ళు ఎటుంటే బండి అటే పోతుంది, ఇది కనుమల మీద అక్షరాలా నిజం.

వెళ్ళే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఇద్దరి బరువు ఉన్నప్పుడు ఈ పని అసలు మానొద్దు.

#14 వాగుదాటి

48మలుపులు గారు చెప్పినదానికి తోడు, ఎక్కే వాహనానికి దారివ్వాలి. ఎక్కే లారీ ఆగితే మళ్ళీ కదలడం కష్టం. మీరు పక్కకి ఆగండి, లోయ వైపు కాదు, కొండ వైపు.

వాగుల సంగతి కూడా చెప్పేస్తాను. రాత్రి చలికి పైన మంచు కరగదు, పొద్దున్న వాగు పాదాలు తడిసేంత ఉంటుంది. ఎండెక్కాక మంచు కరిగి మధ్యాహ్నానికి అదే వాగు మోకాలి దాకా వస్తుంది. నేను మూడింటికి దిగాను. అడుగున రాళ్ళు గుండ్రంగా, పాచి పట్టి ఉన్నాయి. ముందు చక్రం ఒక రాయి మీంచి జారి బండి పక్కకి ఒరిగింది, ఎయిర్ బాక్స్‌లోకి నీళ్ళు పోయాయి, ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టబోతుంటే వెనకొస్తున్నాయన కేకేసి ఆపారు. ఆయనకి ఇప్పటికీ దండం పెడతాను. పిస్టన్ ఎంత నొక్కినా నీళ్ళు అణగవు, సెల్ఫ్ కొట్టి ఉంటే పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగేది. ఒడ్డుకి లాగి, ప్లగ్ విప్పి కిక్ కొడితే ఆ కన్నంలోంచి నీళ్ళు జివ్వున చిమ్మాయి. గంటన్నర తర్వాత స్టార్టయింది.

దిగే ముందు ఆగి, ముందు పోయే బండి ఎటు నుంచి దాటుతుందో చూడండి. మొదటి గేరు, ఎక్సలేటర్ ఒకేలా, చూపు అవతలి ఒడ్డు మీద. తమ్ముడు వేరేగా నడిచి దాటడం మేలు, ప్రవాహం మోకాలి కిందే ఉంటేనే సుమా. పొద్దున్నే దాటితే నీడలో ఉన్న మలుపుల దగ్గర జాగ్రత్త. రాత్రి రోడ్డు మీద పారిన నీరు గాజు పలకలా గడ్డకట్టి ఉంటుంది, తడి రోడ్డులా కనిపిస్తుంది. అక్కడ బ్రేకు ముట్టుకోవద్దు, బండిని వంచొద్దు, నిటారుగా ఉంచి అదే వేగంతో మెల్లగా జారవిడవండి.

#15 గాలిగేజి

అక్కా, బ్రదర్ అన్నందుకు సారీ. కనుమ మీద గేజి ఎంత చూపించిందో వచ్చాక తప్పకుండా రాయండి.

#16 మబ్బుదారి

వచ్చేశాం అందరూ. ఇద్దరం క్షేమం. అయిదు వారాలు పట్టింది రాయడానికి, క్షమించండి.

నింపాదిగా గారు చెప్పినట్టే శ్రీనగర్ వైపు నుంచి వెళ్ళాం. అయినా లేహ్‌లో మొదటి రాత్రి తమ్ముడికి తలనొప్పి పట్టుకుంది. గీత మీద నడిపించాను, తిన్నగానే నడిచాడు. మర్నాడు ఎక్కడికీ కదలకుండా గదిలోనే ఉన్నాం, సాయంత్రానికి తగ్గింది. సర్చులో ఉంటే ఆ రాత్రి ఏం చేసేదాన్నో ఊహించలేను.

గాలిగేజి గారూ, శ్రీనగర్‌లో వెనక టైరు 32. ఖర్దుంగ్ లా మీద 35. వదల్లేదు. మనాలి దిగాక చల్లారనిచ్చి చూస్తే మళ్ళీ 32.

తంగ్లాంగ్ లా చివరి ఆరు కిలోమీటర్లు మొదటి గేరులోనే. గంటకి 15 దాటలేదు. లేహ్‌లో జెట్ చిన్నది వేశాను, అయినా ఎక్సలేటర్ ఒక్కసారిగా తిప్పితే బండి దగ్గేది. మెల్లగా తిప్పడం నేర్చుకున్నాను. ఆ చివరి మలుపులో వెనక నుంచి తమ్ముడు "79, 72, 65" అని లెక్క పెడుతున్నాడు, నేను అడక్కుండానే. పైన జెండాలు కనబడగానే ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చేతి తొడుగు తీసి ట్యాంకు మీద చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది. పది నిమిషాలు ఉండి దిగిపోయాం.

బారాలాచా దిగేటప్పుడు రెండో గేరు వదల్లేదు. రెండుసార్లు ఆగి డిస్కు చల్లారనిచ్చాం. పెడల్ గట్టిగానే ఉంది. వాగులు రెండు, రెండూ ఎనిమిదింటి లోపే దాటాం. చీలమండ దాకా నీళ్ళు.

#17 రెండోసీటు

తమ్ముడు అడక్కుండానే లెక్క పెట్టాడా! చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అక్కా.

#18 పాతకార్బురేటర్

చాలా సంతోషం అమ్మా. మనాలిలో పాత జెట్ వేశారా?

#19 మబ్బుదారి

వేశానండీ, దిగిన రోజు సాయంత్రమే. వేసేటప్పుడు ప్లగ్ విప్పితే కాస్త మసి ఉంది, తుడిచి పెట్టాను. నిన్న మళ్ళీ విప్పి చూశాను, లేత గోధుమరంగులో ఉంది.